ఎడమ రెప్ప

పోయిన వారం భాగంలో మీరు నన్ను స్టూడియో మెట్ల మీద నిలబెట్టేసి వెళ్ళిపోయారు. అప్పట్నించీ అక్కడే ఉన్నాను, కాళ్ళు పీకుతున్నాయి. ఆమెకి ఏం చెప్పాలో, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం జరిగింది కాస్త చెప్తాను. ఆ వంకన నాకూ ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

నేను ఫోటోలు తుడుస్తాను. తీసేవాళ్ళు వేరే. తీసినవాటిల్లో మొటిమలూ, మచ్చలూ, ముడతలూ, కంటి కింద నీడలూ, చొక్కా మీద మడతలూ కంప్యూటర్లో తుడిచేసి, మనిషిని కడిగిన ముత్యంలా చేసి పత్రికలకీ హోర్డింగులకీ పంపడం నా పని. అందుకే స్టూడియోలో అందరికీ నేను రబ్బరు. కోపం వచ్చినప్పుడు మా ఇంట్లోవాళ్ళకి కూడా.

ఆమె మోడల్. ఆరేళ్ళుగా ఆమె మొహం తుడుస్తున్నాను గానీ, మాటలు కలిసింది ఎనిమిది నెలల కిందట, లిఫ్టులో ఇద్దరం ఇరుక్కుపోయిన రోజున. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మీ కుడిచెవి వెనకాల ఒక పుట్టుమచ్చ ఉండాలి" అన్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి లిఫ్టు గోడకి అతుక్కుపోయింది. నేనెవరో చెప్పాక పావుగంట సేపు పడీపడీ నవ్వింది. అప్పట్నించీ నేను ఆమెకీ రబ్బర్నే, ఆమె నాకు జిరాఫీ. ఆ మెడ చూస్తే మీరైనా అదే పేరు పెట్టేవారు.

అసలు గొడవ వారం కిందట మొదలైంది. ఏదో పనికోసం ఒకేరోజు తీసిన ఆమె ఫోటోల్ని, తుడవనివాటిని, గంటల వారీగా వరసగా పేర్చాను. పొద్దున తొమ్మిదికి రెండు కళ్ళూ సమానం. మధ్యాహ్నానికి ఎడమ రెప్ప ఒక దారప్పోగంత కిందికి దిగింది. సాయంత్రం ఆరింటికి కంటిపాపని సగం కప్పేసింది. మా ఆడపడుచు కళ్ళాసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తుంది. మొన్న ఆమెకి చూపిస్తే, ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి ఒక్క ఎకసెక్కం కూడా ఆడకుండా, "వదినా, ఈమెని డాక్టరుకి చూపించు. ఈ వారంలోనే" అంది.

ఈ వారంలోనే, శుక్రవారం నాడు, జిరాఫీ ఒక ఐలైనర్ కంపెనీతో ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టాలి. కళ్ళకి సంబంధించిన ఒప్పందం. రెప్ప సంగతి పొక్కిందా, అది పోయినట్టే. ఇవాళ బుధవారం. నేను మెట్లపైన నిలబడి ఉన్నాను, ఆమె కింది మెట్టు మీద కాలు పెట్టింది. అక్కడ ఆగాం.

"ఏంటే రబ్బరూ, కాపలా కాస్తున్నావ్?" అంటూ పైకొచ్చింది.

కింద మండుటెండల్లో ఉన్నికోట్ల షూటింగు జరుగుతోంది. మన ఊళ్ళల్లో చలి మొదలయ్యేసరికి కోట్లు అమ్మాలంటే చెమటలు కారే రోజుల్లో ఫోటోలు తీయాలి మరి. కోటు ముందు నుంచి చూస్తే ఆమె కోసమే కుట్టినట్టుంది. వెనక్కి తిరిగితే వీపు మీద బారుగా పదిహేను క్లిప్పులు. ఎవరి కొలతకో కుట్టిన బట్టని వెనకనించి లాగిపట్టి ముందు నుంచి సరిచేయడం ఈ వృత్తిలో మామూలే. చెప్పుల అడుగుభాగానికి టేపు అంటించి ఉంది, గీతలు పడితే కొట్టువాడు తిరిగి తీసుకోడని.

"లోపలికి రా. ఒకటి చూపించాలి."

"ముందు ఫ్యాను చూపించు తల్లీ, పుణ్యముంటుంది. లైట్లు మారుస్తున్నారు, నలభై నిమిషాలు తీరిక."

నా గది చిన్నది. కంప్యూటరు, రెండు కుర్చీలు, ఎండ పడకుండా కిటికీకి నల్లగుడ్డ. ఆమె కుర్చీ అంచున పక్కవాటుగా కూర్చుంది. క్లిప్పులు పెట్టాక మోడల్ వీపు ఆనించకూడదు. పొద్దుట్నించీ ఆమె వీపు ఎక్కడా ఆనించి ఉండదు.

ఆమె గురించి నాకిష్టమైన సంగతొకటి ఇక్కడ చెప్పేయాలి, తర్వాత చెప్పే ఓపిక ఉంటుందో ఉండదో. మా అత్తగారికి ఫోటో అంటే గిట్టదు. ఏ ఫోటోలో చూసినా కళ్ళు మూసుకునే ఉంటుంది, ఫ్లాష్ మెరుపు రాగానే రెప్పలు పడిపోతాయి. జిరాఫీ ఓ ఆదివారం మా ఇంటికొచ్చి ఆవిడ పక్కన చాప మీద కూర్చుని, "అత్తయ్యగారూ, మీరు ముందే మూసేసుకోండి. నేను మూడు అంకెలు లెక్కపెడతా. మూడు అనగానే తెరవండి, అంతే. అప్పుడు ఆ మెరుపు వచ్చినా మీ రెప్ప పడదు" అని చెప్పింది. అది ఈ పనిలో వాళ్ళ చిట్కా. ముసలావిడా, ఆమే చెరో చెయ్యి పట్టుకుని ఒకటీ రెండూ మూడూ అని పదిసార్లు ఆడుకున్నారు. డెబ్భై ఏళ్ళలో మా అత్తగారు కళ్ళు తెరుచుకుని ఉన్న ఫోటో అదొక్కటే. ఆవిడ ఇప్పటికీ నన్ను, "నీ స్నేహితురాలు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతుంది. నేనెప్పుడొస్తానని ఏనాడూ అడగలేదు.

అలాంటి మనిషికి నేనిప్పుడు ఇది చెప్పాలి.

తలుపు గడియ వేశాను. "ఇవి పచ్చివి" అన్నాను.

జిరాఫీ వేళాకోళంగా రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుంది. తుడవని ఫోటోని మేము పచ్చి ఫోటో అంటాం. పచ్చి ఫోటో మోడల్‌కి చూపించకూడదన్నది ఈ స్టూడియోలో మొదటి నియమం. నేను పనిలో చేరినరోజే పెద్దాయన చెప్పాడు. పెద్దాయన అంటే మా ఫోటోగ్రాఫరు, స్టూడియో ఆయనదే. "తన మచ్చ తను చూసుకుంటే మర్నాడు కెమెరా ముందు ఆ మచ్చ దాచుకుంటూ నిలబడుతుందమ్మా, మనిషి బిగుసుకుపోతుంది" అని ఆయన వాదన. దుర్మార్గంతో పెట్టిన నియమం కాదది. కానీ ఆ నియమం వల్లే పదకొండేళ్ళుగా కెమెరా ముందు బతికిన మనిషి తన పచ్చి మొహాన్ని ఫోటోలో ఒక్కసారి కూడా చూడలేదు.

"పెద్దాయనకి తెలిస్తే నీ ఉద్యోగం హుష్‌కాకి" అంది వేళ్ళ సందుల్లోంచి చూస్తూ.

"చూడవే ముందు."

చేతులు దించింది. తెర మీద పన్నెండు ఫోటోలు వరసగా పెట్టాను. ఒక్కోదాని కింద తీసిన సమయం. ఆమె మొదటిదాని దగ్గర ఆగి, "ఛీ, ముక్కు మీద ఇన్ని రంధ్రాలా!" అని నవ్వి, ఆఖరిదానిదాకా వచ్చి, "ఇది రెప్ప వేస్తుండగా పడింది. ఇలాంటివి తీసి పారేస్తారుగా?" అంది.

"ఆ గంటలో నూట ఎనభై తీశారు. నూట ఎనభైలోనూ ఇలాగే ఉంది."

"ఆ రోజు నిద్ర లేదులే. పొద్దున అద్దంలో బానే ఉంటుందిగా."

నేను ఇంకో వరస తెరిచాను. ఈసారి నెలకొకటి చొప్పున ఆరు నెలలవి, అన్నీ సాయంత్రం తీసినవే. మొదటి నెలలో రెప్ప కాస్త బరువుగా ఉంది, అంతే. అక్కణ్ణించి నెలనెలా దిగుతూ వచ్చింది. ఎడమ కనుబొమ పైకి లాగి పట్టుకుని ఉంది, రెప్పని ఎలాగైనా ఎత్తుదామని. మూడో నెల నుంచీ గడ్డం కూడా పైకి లేచింది, కంటి ముందు అడ్డం వస్తున్న రెప్ప కిందనుంచి చూడ్డానికి.

ఆ ఎత్తిన గడ్డం మీకు తెలుసు. పత్రికల్లో చూసే ఉంటారు. పెద్దాయన దానికి ముచ్చటపడి, "మన అమ్మాయికి కొత్త ఠీవి వచ్చింది" అని అందరికీ చెప్పుకున్నాడు. మిగతా మోడళ్ళు కూడా గడ్డాలు ఎత్తడం మొదలుపెట్టారు. ఐలైనర్ కంపెనీవాళ్ళు ఆమెని ఎంచుకున్నదే ఆ గడ్డం చూసి. మేమంతా ఠీవి అనుకున్నది, పాపం, చూపు ఆనక ఆమె పడుతున్న అవస్థ.

జిరాఫీ నవ్వు మాయమైంది. తెర దగ్గరికి వంగి ఒక్కో ఫోటోలో ఎడమకన్ను చూసింది. ఫ్యాను గాలికి కిటికీ గుడ్డ లేచి పడుతోంది.

"పత్రికల్లో వచ్చినవి నేను చూశానుగా. అందులో రెండూ సమానంగా ఉన్నాయి."

"వాటంతటవి లేవు. నేను చేశాను."

"అంటే?"

"కుడికన్ను తిప్పి ఎడమవైపు అతికించాను. మొదట్లో ఒక్కోదానికీ విడిగా చేసేదాన్ని. తర్వాత ఎందుకొచ్చిన శ్రమలే అని ఒక అచ్చు తయారుచేసి దాచుకున్నాను. నీ ఫోటో రాగానే ఆ అచ్చు వేసేయడం, మిగతా పని చూసుకోవడం. ఆ తర్వాత ఎడమకన్ను వంక చూడనేలేదు."

చెప్పేశాను. వారం రోజులుగా దాచుకున్నది బయటికొచ్చేసింది. తేలిక పడతాననుకున్నాను, పడలేదు.

ఆమె తనలో తను అనుకుంటున్నట్టు నెమ్మదిగా అంది: "మా అమ్మ చెప్పింది."

"ఏమని?"

"నాలుగు నెలల కింద. నీ కన్ను చిన్నదయిందే అంది. నేను నవ్వేశాను. మళ్ళీ చెప్పింది. విసుక్కున్నాను. పదేపదే చెప్తుంటే పత్రిక తెచ్చి మొహం మీద పెట్టా, చూడు, ఏ కన్ను చిన్నదో చెప్పు అని. అమ్మ ఆ బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది, దీపం కింద పెట్టి చూసింది. బొమ్మ నా చేతికి తిరిగిచ్చేసింది. మర్నాడు నేనే తీసుకెళ్ళి ఆవిడ కళ్ళద్దాలు మార్పించా. నెల తర్వాత మళ్ళీ మార్పించా." రెండు వేళ్ళు చూపించింది. "రెండు జతలు మార్పించానే రబ్బరూ. ఇంక అద్దాలతో లాభం లేదు, నా బుర్రే చెడిందేమో అంది మొన్న. ఊఁ అయ్యుండొచ్చులే అన్నాను. అమ్మతో అలా అన్నాను."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. నేను కుదురుగా కూర్చుని, టీ తాగుతూ, రేడియో వింటూ అతికించిన కన్ను ఎవరింట్లోనో ఒక పెద్దావిడని తన కళ్ళనే నమ్ముకోలేకుండా చేసింది. ఇంత దూరం వెళ్తుందని నాకేం తెలుసు అని మీరనవచ్చు. నేను కూడా వారమంతా అదే అనుకుని నిద్రపోవాలని చూశాను.

జిరాఫీ లేచి నిలబడింది. వీపు మీద క్లిప్పులు కుర్చీకి తగిలి టకటకలాడాయి.

"ఈ ప్రపంచంలో నా మొహాన్ని నీకన్నా ఎక్కువసేపు చూసినవాళ్ళు లేరు. మా అమ్మ కూడా ఇంత చూసుండదు. చెవి వెనక మచ్చ తెలుసు నీకు. ఎప్పుడు జ్వరమొచ్చిందో, ఎప్పుడు ఏడ్చి వచ్చానో ఫోటో చూసి చెప్తావు. ఇది ఎందుకు కనపడలేదే నీకు?"

"చూడలేదు కాబట్టి."

"అదే అడుగుతున్నా, ఎందుకు చూడలేదు?"

"తుడవడం అలవాటైపోయిందే. నా కంటికి నీ మొహం మీద ఏది కనపడినా అది పని కింద లెక్క. పని అయిపోయిందా లేదా అనే చూస్తాను. నీకేమైంది అని చూడను. తప్పే. నన్ను తిట్టు, కొట్టు, రేపట్నించి మాట్లాడకు. కానీ ముందు డాక్టరు దగ్గరికి రా."

కొడుతుందనే అనుకున్నాను. ఆమె తల వెనక్కి వాల్చి కప్పు కేసి చూస్తూ నిలబడింది. మోడళ్ళు కన్నీళ్ళు ఆపుకునే పద్ధతి అది. తల వంచితే నీళ్ళు చెంప మీదికి జారి రంగంతా చెరిపేస్తాయి. "ఏడవను" అంది కప్పుతోనే. "ఈ మేకప్ వెయ్యడానికి గంటన్నర పట్టింది. ఏడిస్తే మేకప్ ఆయన చంపేస్తాడు."

కాయితం రుమాలు సన్నగా మడిచి ఆమె కింది రెప్పల దగ్గర ఒత్తిపెట్టాను. ఆమె నాకన్నా ఒక అడుగు ఎత్తు, కాబట్టి కుర్చీ ఎక్కాల్సి వచ్చింది. ఇంత ఏడుపులోనూ ఆమెకి నవ్వొచ్చింది. "దిగు, పడి చస్తావ్" అంది. నా నడుం పట్టుకుంది, పడకుండా. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నాకు మేకప్ లేదుగా.

ఇద్దరం కాసేపటికి కుదుటపడ్డాం. ఆమె మళ్ళీ కుర్చీ అంచున కూర్చుంది.

"నాకు ముప్ఫైమూడు" అంది. "బయటికి చెప్పేది ఇరవైయేడు. నాకిది ఆఖరి బస్సే రబ్బరూ. ఇది ఎక్కితే ఏడాది పాటు ఊపిరాడుతుంది, ఈలోగా ఏదో ఒకటి నేర్చుకుంటాను. ఎక్కకపోతే నేను నిలబడటం తప్ప ఏం చేతగానిదాన్ని. నిజం. నాకు వచ్చిన విద్య అదొక్కటే, బాగా నిలబడటం."

"అబద్ధాలాడకు. మా అత్తగారిని నవ్వించావు. ఆ విద్య మా ఆయనకే రాదు."

"దానికి ఎవడూ జీతమివ్వడు."

అని మళ్ళీ తెర వంక చూసి, ఈసారి భయంభయంగా అడిగింది: "అసలు ఏంటే ఇది? నిద్రలేమేనా?"

నేను ఆడపడుచుకి ఫోన్ చేసి, జిరాఫీ కూడా వినేలా బల్ల మీద పెట్టాను. మా ఆడపడుచు కబుర్లేం లేకుండా నేరుగా ప్రశ్నల్లోకి దిగింది. పొద్దున లేవగానే ఎలా ఉంటుంది? బావుంటుంది. ఒకటి రెండుగా కనపడుతుందా? సాయంత్రాలు, అప్పుడప్పుడూ. నమలడం, మింగడం ఎలా ఉంది?

జిరాఫీ తడుముకుంది. "దవడ అలిసిపోతుందండీ. సగం తినేసరికి ఆపేస్తాను. డైటింగేమో అనుకుని అందరూ మెచ్చుకున్నారు, సన్నబడ్డానని. నేనూ సంతోషించాను."

"ఐసుముక్క దొరుకుతుందా అక్కడ?" అంది ఆడపడుచు.

దొరక్కేం. మేకప్ గదిలో డబ్బా నిండా ఉంటుంది. మొహానికి రంగు వేసేముందు ఐసు రుద్దడం ఇక్కడ పొద్దున్నే జరిగే మొదటి పని, చర్మం బిగుస్తుందని.

"గుడ్డలో చుట్టి ఎడమ రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టి తీయండి. రెప్ప లేస్తుందో లేదో చూసి చెప్పండి. వదినా, ఫోన్ ఒకసారి చెవి దగ్గర పెట్టుకో."

ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఆమె గొంతు తగ్గించి చెప్పింది: "లేవకపోతే ఇంకేవో కారణాలు వెదకాలి. లేచిందంటే మాత్రం నా అనుమానం నిజమయ్యేట్టుంది. కండరాలు తొందరగా అలిసిపోయే జబ్బొకటుంది వదినా. చల్లదనానికి కాసేపు బలం వచ్చినట్టుంటుంది. అది కంటితో మొదలై గొంతుకీ, ఊపిరికీ పాకొచ్చు. ఈమెకి అప్పుడే దవడదాకా వచ్చింది. మందులున్నాయి, మనుషులు చక్కగా బతుకుతున్నారు, భయపడాల్సింది ఆలస్యానికే. అంతేగానీ ఆ లైట్ల కింద రోజుకి పన్నెండు గంటలు నిలబడటం మాత్రం ఇప్పట్లో కుదరదు. కాబట్టి రెప్ప లేస్తే నువ్వు సంతోషపడకు. ఆమెని పడనివ్వకు."

మేకప్ గదిలోంచి ఐసు తెచ్చాను. నా చేతి గుడ్డలో చుట్టాను. ఆమె కుర్చీకి ఆనుకోకూడదు, క్లిప్పులున్నాయిగా. నేనే వెనక నిలబడి ఆమె తలని నా పొట్టకి ఆనించుకున్నాను. పొద్దుట్నించీ ఆమె తల ఎక్కడైనా ఆనింది అదే మొదటిసారేమో, ఒక్కసారిగా బరువంతా వదిలేసింది. అప్పటికే సగం దిగి ఉన్న ఎడమ రెప్ప మీద ఐసు పెట్టాను. ఆరేళ్ళుగా నేను తుడిచిన మొహం నా చేతుల్లో ఉంది. ఇంతకుముందు ఒక్కసారైనా దాన్ని ముట్టుకోలేదని అప్పుడు తట్టింది. వెచ్చగా ఉంది. కణత దగ్గర నరం కొట్టుకుంటోంది. ఈ మనిషికి ఏం కాకూడదు అని గట్టిగా, పిచ్చిగా అనుకున్నాను.

"రబ్బరూ."

"ఊఁ."

"నువ్వు తుడిచినవన్నీ ఎక్కడికి పోతాయే?"

"ఎక్కడికీ పోవు. పచ్చివన్నీ విడిగా దాచిపెడతాను."

"ఆరేళ్ళవీనా?"

"ఆరేళ్ళవీ."

"అయితే నేను మొత్తం ఉన్నానన్నమాట, ఎక్కడో ఒకచోట" అంది. నీళ్ళు ఆమె చెంప మీదుగా కోటు కాలరు మీదికి కారుతున్నాయి. మేకప్ పాడయిపోతోంది. ఇద్దరం పట్టించుకోలేదు. "నీ మీద కోపం పోలేదు. నాల్రోజులుంటుంది. ఈలోగా నువ్వు మా అమ్మ దగ్గరికొచ్చి, నీ కళ్ళు బానే ఉన్నాయమ్మా అని చెప్పాలి."

"చెప్తాను. కాళ్ళ మీద పడి చెప్తాను."

"పడొద్దు. మా అమ్మ కంగారు పడుతుంది."

గడియారంలో రెండు నిమిషాలయ్యాయి. లేవకూడదు అని మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో తెలీదు. స్నేహితురాలి కన్ను తెరుచుకోకూడదని కోరుకున్న దరిద్రపుదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. గుడ్డ తీశాను. ముందుకొచ్చి చూశాను.

ఆమె కళ్ళు తెరిచింది. ఎడమ రెప్ప తేలిగ్గా, పూర్తిగా, కుడిదానితో పాటే పైకి లేచింది.

నా మొహం చూసి ఆమెకి అర్థం కాలేదు. బల్ల మీది చిన్న అద్దం లాక్కుని చూసుకుంది. అటు తిరిగి చూసింది, ఇటు తిరిగి చూసింది. గడ్డం దించింది. నెలల తర్వాత గడ్డం దించి తిన్నగా చూడటం అది. "లేచిందే!" అని కేక పెట్టింది. "చూడవే, లేచింది! ఏం లేదు నాకు! చచ్చినంత భయపెట్టావు కదే ముండా!" నన్ను గట్టిగా కావలించుకుంది. వీపు మీది క్లిప్పులు ఒకటొకటే ఊడి నేలమీద పడుతున్నాయి. కోటు వదులై ఆమె భుజాల మీంచి జారిపోతోంది. దాని లోపల ఎంత చిక్కిపోయిందో నా చేతులకి తెలిసింది.

"ఒక్కమాట విను…" అన్నాను.

"ఐసే కదా మందు? జేబులో పెట్టుకు తిరుగుతాను. మేకప్ ఆయనతో చెప్పి గంటకోసారి పెట్టించుకుంటాను." అప్పటికే ఫోన్ తీసి నొక్కుతోంది. "శుక్రవారందాకా ఎందుకు, ఐలైనర్ కంపెనీ ఆయన షూటింగు చూడ్డానికొచ్చి కిందే ఉన్నాడు. ఇప్పుడే పెట్టేస్తాను సంతకం. ఇంత మంచి కన్ను మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో!"

అవతల పెద్దాయన ఎత్తాడు. "చెప్పమ్మా" అంటున్నాడు.

వాళ్ళమ్మ మాట కొట్టేసి నా బొమ్మని నమ్మింది ఈ పిల్ల. ఇప్పుడు నేను ఊరుకున్నానంటే అది ఆ అచ్చు వెయ్యడం కన్నా పెద్ద తప్పు. ఫోన్ ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"నేనండీ, రబ్బర్ని" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సంతకం లేదండి. ఇవాళా లేదు, శుక్రవారమూ లేదు. కోట్ల షూటింగు కూడా ఇంక వద్దు. నేను ఆమెని తీసుకుని ఆసుపత్రికి వెళ్తున్నాను."

పెద్దాయన ఏదో అరుస్తున్నాడు. నేను వినలేదు. జారిపోతున్న కోటుని ఒక చేత్తో పట్టుకుని, జిరాఫీ నా ఎదురుగా కదలకుండా నిలబడిపోయింది. ఎవరూ అతికించని, ఎవరూ తుడవని రెండు సమానమైన కళ్ళు నన్నే చూస్తున్నాయి.

"కన్ను లేచిందిగా" అంది. "మరి ఎందుకు?"